కోలుకొన్నవారు, కోలుకొనుచున్నవారు

2020వ సంవత్సరపు వేసవి మొదలుకొని చాలకాలము మన పత్రికలలోఁ బ్రతిదినమును ఒక పట్టిక వెలువడుచుండెడిది. కోవిడ్ సోఁకినవారు, మరణించినవారు, కోలుకొన్నవారు అని దానిలో మూఁడు వరుసలు. మొదటి రెండు పదములయందును నాకు వివాదము లేదు. మూఁడవదానిని గూర్చియే యీ వ్యాసము. వ్యాధివిచారము వైద్యులది, పదవిచారము మనది. కాఁబట్టి యిది యీ పత్రికకుఁ దగని చర్చ యని పండితులు తలంపరని నమ్ముచున్నాను.

'కోలుకొన్న' యనునది భూతకాలిక ధాతుజవిశేషణము. క్రియ ముగిసినదని దాని యర్థము. 'కోలుకొనుచున్న' యనునది వర్తమానకాలికము. క్రియ యింకను సాగుచున్నదని యర్థము. ఈ భేదమును ఎనిమిదవ తరగతి బాలుఁడు చెప్పఁగలఁడు. అయినను పట్టికలో రెండవ రూపమునకుఁ జోటు లేకపోయెను. 2020 మే 8వ తేదీని కేంద్ర ఆరోగ్యశాఖ సవరించిన నియమము ప్రకారము, వ్యాధి స్వల్పముగా నున్నవారిని, లక్షణములు పొడసూపిన పది దినములకు, కడపటి మూఁడు దినములు జ్వరము లేకున్నచో, మరలఁ బరీక్ష చేయకయే విడిచిపెట్టవచ్చును. పడకలు చాలని కాలమున ఆ నియమమునకుఁ గారణములుండెను. దానిని నేను తప్పుపట్టను. కాని యాసుపత్రి వాకిలి దాఁటుట వేఱు, కోలుకొనుట వేఱు. పాలకులు చేసినది విడుదల. దానికి దేహము చేయవలసిన పనియొక్క పేరు పెట్టిరి. మాట జాఱినది అక్కడ.

'స్వల్ప' శబ్దమును సైతము చూడుఁడు. న్యుమోనియా లేక, రక్తమున ఆక్సిజన్ తగ్గక యున్న ప్రతి రోగమును ఆ లెక్కలో స్వల్పమే. ఇది ఊపిరితిత్తుల కొలత. రోగికి స్వల్పమా కాదా యన్న ప్రశ్న దానిలో లేదు.

నేను 2021 మే నెలలో ఆ మూఁడవ వరుసలోఁ జేరితిని. ఆసుపత్రికిఁ బోవలసిన యవసరము రాలేదు. జ్వరము విడిచినది, పథ్యము తింటిని, ఇంటివారు దిష్టి తీసిరి. బడులు తెఱచిన పిమ్మటఁ దరగతిలో, ముప్పదియేండ్లుగా నోటికి వచ్చిన యొక సీసపద్యమును చెప్పఁబోయి మూఁడవ పాదమున నిలిచిపోతిని. అది మఱపు కాదు. మఱచినవాఁడు తడవుకొనును, ఆదియో అంత్యమో చేతికిఁ దగులును. నాకుఁ దడవుకొనుటకు నక్కడ నేమియు లేదు. పిల్లలలో నొకతె మెల్లఁగా నందించినది. మేడ మెట్లెక్కిన దినమున బాగుగనే యుండును, మఱునాఁడు పడక. కాఫీ కాలిన రబ్బరు వాసన వేయుచుండెను. సహోపాధ్యాయుఁ డొకఁడు, మంచివాఁడే, "జ్వరము లేదు గదా, ఇంక నేమండీ?" అని యడిగెను. అతని తర్కమునందు దోషము లేదు. జ్వరము పోయినవాఁడు కోలుకొన్నవాఁడని పట్టికయే యతనికి నేర్పినది. సెలవు చీటి వ్రాయఁబోఁగా జబ్బు పేరు వ్రాయవలసిన గడిలో నా కలము నిలిచిపోయినది. పేరు లేని జబ్బునకు సెలవు లేదు.

ఆ పేరు అప్పటికే పుట్టి యొక సంవత్సరమైనదని నాకుఁ దెలియదు. 2020 మే నెలలో ఎలీసా పెరేగో యను ఇటలీ దేశపు పురాతత్త్వపరిశోధకురాలు తన వ్యాధి తఱుగకుండుట చూచి, ట్విట్టరులో 'లాంగ్ కోవిడ్' అను మాటను వాడెను. అది చేతినుండి చేతికి దాఁటి, కొలఁది నెలలలో వైద్యపత్రికలకును మంత్రులకును ఎక్కినది. రోగులు పేరు పెట్టఁగా వైద్యులు స్వీకరించుట వైద్యచరిత్రమున మిక్కిలి యరుదు. తరువాత రోగులే పరిశోధకులై కూడి 56 దేశములలోని 3762 మందిని ప్రశ్నించి, 203 లక్షణములను లెక్కించి 2021లోఁ బ్రకటించిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 అక్టోబరులో నిర్వచనము చేసినది. దాని సారమిది: వ్యాధి సోఁకిన మూఁడు నెలల యనంతరము సాధారణముగాఁ గనఁబడుచు, రెండు నెలలకుఁ దక్కువ గాక నిలుచుచు, వేఱొక రోగముచే వివరింపరానివగు లక్షణములు, బడలిక, ఆయాసము, బుద్ధిమాంద్యము మొదలగునవి, ఇవి హెచ్చుచుఁ దగ్గుచు నుండవచ్చును, తిరుగఁబెట్టవచ్చును. నిర్వచనము మంచిది. వర్తమానార్థమునకుఁ జోటిచ్చినది. కాని యాసంస్థ పెట్టిన పేరు మాత్రము 'కోవిడ్ అనంతర స్థితి'.

ఇక్కడనే వివాదము. పెరేగో మొదలగు రోగులు 2020 అక్టోబరులోనే తమ పేరును మార్పవలదని వాదించిరి. 'అనంతర' మన్నచో మొదటిది ముగిసినదని యొప్పుకొన్నట్లే. ముగిసినదో లేదో యెవరును నిరూపింపలేదు. వైరసు శేషము దేహమున నిలిచియుండుటయా, రక్షణవ్యవస్థ కలఁత చెందుటయా, సన్నని నాళములలో రక్తము గడ్డకట్టుటయా యని నేఁటికిని పరిశోధన సాగుచునే యున్నది. 'దీర్ఘ' శబ్దము ఏ కారణమును జెప్పదు. కాలమును మాత్రమే చెప్పును. రోగి యెఱిఁగినదియు నంతే. తెలిసినదానిని మించి చెప్పని పేరు మంచి పేరు. ఈ వాదమున నేను రోగుల పక్షము.

అయితే తెలుఁగున దీని నేమని పిలువవలెను? 'లాంగ్ కోవిడ్' అని యున్నదున్నట్లు వ్రాయువారు కలరు. అది తప్పు కాదు, కాని వాడుకలో 'లాంగ్' అను మాట మన రైతుకును గృహిణికిని మూఁగది. 'దీర్ఘకాలిక కోవిడ్' అనునది తఱచుగాఁ గనఁబడును. దీర్ఘకాలికమన్న మధుమేహము, ఉబ్బసము మన తలఁపునకు వచ్చును. ఆజన్మాంతమను భయము దానితో వచ్చును. ఈ వ్యాధి పెక్కుమందిలో నెలలకో యేండ్లకో తఱుగును, కొందఱిలోఁ దఱుగదు. ఆ సందిగ్ధతను ఆ పేరు చంపివేయుచున్నది.

రోగి పక్షమునుండి పెట్టిన పేరు మన కొకటి యెఱుకయే. 2005-06 సంవత్సరములలో ఆంధ్రదేశమును పీడించిన చికన్‌గున్యాను చదువరులు మఱచియుండరు. జ్వరము వారమునకే పోయినను కీళ్లనొప్పులు నెలలతరబడి నిలిచెను. చద్దిమూట కట్టుకొని పొలమునకుఁ బోవు మనిషి గడపపట్టి లేచుట మనము కన్నులారఁ జూచితిమి. ఆ పేరు టాంజానియా ప్రాంతపు మకోందే భాషలోనిది. 1952లో అక్కడ వ్యాధి ప్రబలినప్పుడు పుట్టినది. వంగిపోవుట యని దాని యర్థము. పురుగు పేరు గాదు, ఊరి పేరు గాదు. వంగిన నడుము పేరు.

మన వైద్యగ్రంథములు ఈ విషయమున నేఁటి పట్టికకంటె జాగరూకములు. చరకసంహిత జ్వరచికిత్సితమున జ్వరముక్తుఁడు వేఱు, బలము పుట్టినవాఁడు వేఱు. జ్వరము విడిచినను బలము చేకూఱక మునుపే వ్యాయామము, స్నానము, అధికమగు సంచారము మొదలగు వర్జ్యములను సేవించినవానికి జ్వరము మరలునని చెప్పి, దానికిఁ బునరావర్తకజ్వరమని వేఱుగాఁ బేరు పెట్టినది. ఇందుచేత చరకునికి కోవిడ్ తెలియునని యెవరేని గంతులు వేయుదురేమో. నేను ఆ మాట యనను. రెండును ఒకటి కావు. నే ననుట యిది: 'ముక్త' శబ్దమునకును 'స్వస్థ' శబ్దమునకును నడుమ ఒక యవస్థ కలదని ఆ శాస్త్రకారుఁడు గుర్తించి, దానిలోనివానికి విధులు చెప్పెను. మేడమెట్లు ఎక్కి మఱునాఁడు పడకఁబట్టిన నేను దానిని బడలియే చదివితిని.

వాడుకభాష యింకను గొప్పది. జ్వరము 'తిరుగఁబెట్టినది' అందుము. నలఁత, నీరసము, నిస్త్రాణ, బడలిక, శోష యని బలహీనతకు మెట్లు కలవు; ఒకదానిచోట నింకొకటి నిలువదు. నీరసము కూర్చున్నవానికి, శోష లేవఁబోయినవానికి. 'పథ్యము' సంస్కృతమున మార్గమునకుఁ దప్పనిది. తెలుఁగింట జ్వరము విడిచిన తరువాతఁ బెట్టు మొదటి యన్నము. అన్నిటికంటె 'తేఱుకొను' నాకుఁ బ్రియము. తేఱుట కలఁగిన నీటికిని చెల్లును, రోగికిని చెల్లును. మడ్డి క్రిందికి దిగువఱకు కుండను కదల్పరాదు. కదల్చినచో మరల మొదటికి వచ్చును. ఇంత చక్కని క్రియ యుండఁగాఁ బత్రికలవారు 'కోలుకొన్న' కొఱకేల పోయిరో! 'తేఱుకోలు కోవిడ్' అని యనుమా యని మిత్రుఁ డొకఁడు హాస్యమాడెను. అది హాస్యముగానే నిలుచుఁగాక. కాని 'తేఱుకొనుచున్నవారు' అని నాల్గవ వరుస యొకటి యా పట్టికలో నుండవలసినది.

ఇట్టి మాటలు గల జాతి సాహిత్యమున నీ యవస్థ కేమి స్థానము? నాకుఁ గనఁబడినంతలోఁ బూజ్యము. ప్రబంధములలో జ్వరమునకుఁ గొదవ లేదు. చందనము, అరఁటియాకులు, చెలికత్తెల విసనకఱ్ఱలు. నాయకుఁడు వచ్చుటతో జ్వరము పరుగెత్తును. స్తోత్రవాఙ్మయమున మయూరుఁడు సూర్యశతకమున కుష్ఠమును బాపుకొన్నాఁడని కథ. మేల్పత్తూరు నారాయణభట్టతిరి వాతరోగియై గురువాయూరునఁ గూర్చుండి దినమునకొక దశకముగా నూఱు దశకములు నారాయణీయమును రచింపఁగా, నూఱవ దినమున రోగము పోయెనని యైతిహ్యము. నూఱు దినములు పట్టినవని యొప్పుకొన్నందుకు ఆ కథను నేను మిగిలినవానికంటె గౌరవింతును. కాని యన్నిటికిని ఫలశ్రుతి కలదు. ఫలశ్రుతి కలచోట మెల్లఁగాఁ దేఱుకొనుటకుఁ దావు లేదు.

ఈ లోపము మనకే కాదు. వర్జీనియా వుల్ఫ్ 1926లో రోగమును గూర్చి వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. ప్రేమకును యుద్ధమునకును గల స్థానము సాహిత్యమున రోగమునకేల లేదని యామె ప్రశ్న. గొప్ప ప్రశ్నయే. అయినను ఆమె రోగి పడకపైఁ బరుండి యాకాశమును జూచువాఁడు. పడక విడిచి, పనికిఁ బోయి, సాయంకాలమునకుఁ గూలువాఁడు ఆ వ్యాసమునకు నాయకుఁడు గాఁడు. మన కాలమున లివర్‌పూల్ ఆచార్యుఁడు పాల్ గార్నర్ 2020 మేలో తన యేడువారముల వ్యాధిని వైద్యపత్రిక పక్షమున వ్రాసెను. తానే సాంక్రామికవ్యాధుల పండితుఁడయ్యుఁ దన దేహమును దాను దెలియనివానివలె వ్రాసిన యాలేఖ రోగులకు మిక్కిలి యూఱట. 2021 జనవరిలో మఱియొకటి వ్రాసి, మనోవైఖరిని మార్చుకొనుటచేఁ దాను స్వస్థుఁడ నైతి ననెను. పెక్కురు రోగులు నొచ్చుకొనిరి. అతఁడు బాగుపడుట నిజమే, సంతోషమే. కాని విమర్శకునిగా నేను జూచునది రచనారూపమును. మొదటి లేఖ తేఱుకొనుటను వ్రాసినది. రెండవది ఫలశ్రుతిని వ్రాసినది. ఫలశ్రుతి చదివినవారు, ఫలము రానివానిది భక్తిలోప మనుకొనుట యేకాలమునను కలదు. నొప్పి అక్కడ.

అలంకారశాస్త్రమున వెదకితిని. ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో గ్లాని, శ్రమ, ఆలస్యము, జడత, వ్యాధి యనునవి యున్నవి. భరతుఁడు గ్లానికిఁ జెప్పిన విభావములలో వ్యాధి యొకటి. అనుభావములలో క్షీణస్వరము, మందగమనము. నా తరగతిగది చిత్రమే యది. కాని వ్యభిచారి యనఁగా వచ్చిపోవునది. సముద్రమునఁ దరఁగలవలె స్థాయియందుఁ బుట్టి యణఁగునని ధనంజయుని మాట. రతికో శోకమునకో సేవ చేసి తొలఁగవలెను. తొలఁగని గ్లాని నేమందుము? దానికి స్థాయిత్వము లేదు, కాఁబట్టి రసము లేదు, కాఁబట్టి కావ్యము లేదు. శాస్త్రము కవిని కట్టివేసినదని నేను జెప్పను. లోకమునఁ బోకుండుట యరుదు గనుకనే శాస్త్రమట్లు విభజించినది. ఇప్పుడు లోకమున నది యరుదు గాదు. తరఁగ యనిన యుపమానము మాత్రము రోగులకు సరిపోవును. వారును తమ దినములను తరఁగలనియే చెప్పుకొనుచున్నారు. ఒకటి యణఁగఁగనే సముద్రము నిలిచినదని నమ్మరు.

ఇట్టి గ్లానికి వచనమే తగును, పద్యము తగదని నా యభిప్రాయము. పద్యమునకు యతి వచ్చుచోటు ముందుగాఁ దెలియును, రోగికిఁ దెలియదు. ఛందఃప్రియులు దీనిని ఖండించినచో విని సంతోషింతును.

జ్వరము విడిచిన పిమ్మటి యవస్థకు ఆయా మండలములలో వాడు మాటలను చదువరులు వ్రాసి పంపఁ గోరుచున్నాను. ముఖ్యముగా నిఘంటువుల కెక్కని వానిని. నా పద్యములో మూఁడవ పాదము 2023 చలికాలమున మరల వచ్చినది. నాల్గవ పాదమునకు ఇప్పటికిని పుస్తకము దగ్గఱ నుంచుకొనుచున్నాను. అందించిన బాలిక పై చదువులకుఁ బోయినది.