గోడపటంలోని మంచు

గోడపటాలలో మంచు అంటే ఆరు కొమ్మల నక్షత్రమే. (కొన్నింటిలో ఎనిమిది కొమ్మలు కూడా కనబడతవి, మంచులో నీటి అణువులు ఆరు మూలల గూళ్లుగా పేరుకొంటవి గనుక అది అసంభవం.) మన విద్యార్థులలో పెక్కుమంది మంచు కురియగా చూచి ఎరుగరు, వారికి ఆ బొమ్మే మంచు.

ఈ రూపానికి ప్రచారం తెచ్చిన గ్రంథం ‘స్నో క్రిస్టల్స్’. అమెరికాలోని వెర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ, భౌతికశాస్త్రజ్ఞుడు హంఫ్రీస్ కలిసి 1931లో దీనిని వెలువరించారు. 1885 నుంచి సూక్ష్మదర్శినితో తీసిన ఛాయాచిత్రాలలో సుమారు 2,400 ఇందులో ఉన్నవి. బెంట్లీ ఓర్పు అసామాన్యం. కాని ఆయన చక్కని స్ఫటికాలను ఏరుకున్నాడు. వంకర మంచు ఈ గ్రంథంలో అరుదు.

జపానులో హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన ఉకిచిరో నకాయా 1954లో అదే అంశంపై ప్రకటించిన గ్రంథం ఈ లోటు తీర్చింది. సూదులు, మొద్దు స్తంభాలు, మేఘబిందువులు అంటుకొని గరుకుదేరినవి, ఏ ఆకారమూ లేనివి — కురిసినదంతా ఆయనకు పరిశీలనార్హమే. అంతేకాదు, 1936లో ఆయన చలిగదిలో కృత్రిమ హిమస్ఫటికాన్ని పెంచాడు. పట్టు, నూలు పోగులు పనికిరాక చివరకు కుందేలు వెంట్రుకే దిక్కయింది! తేమ సమృద్ధిగా ఉంటే −15 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో నక్షత్రం, −5 ప్రాంతంలో సూది ఏర్పడతవి. కనుక రాలిన మంచును బట్టి పైనున్న మేఘపు స్థితిని ఊహించవచ్చు. గోడపటం ప్రక్కన ఈ సూదిని కూడా చూపితే, తేడా ఎందుకని విద్యార్థే అడుగుతాడు.

నకాయా పద్ధతికీ పరిమితి ఉన్నది. వెంట్రుకకు వ్రేలాడే స్ఫటికం, మేఘంలో జారుతూ పెరిగే స్ఫటికం ఒకటి కావు; ఆయన ఫలితాలను తరువాతివారు కొంత సవరించారు.