మేఘసందేశమున నదీరూపకములు

కాళిదాసు మేఘసందేశమునకు పూర్వులు రచించిన వ్యాఖ్యలు పెక్కులు కలవు. అందు కోలాచలము మల్లినాథసూరి సంజీవని తెలుగువారికి మిక్కిలి పరిచితము. అయినను పూర్వమేఘమునందలి నదీవర్ణనములు కావ్యార్థమున కెట్లు ఉపకరించుచున్నవను ప్రశ్న ఇంకను విచారింపదగియే యున్నది. అవి మార్గవర్ణనమునకు తొడిగిన సొమ్ములు మాత్రమేనా? లేక విరహియైన యక్షుని చిత్తవృత్తికి వ్యంజకములా? మేము రెండవ పక్షమును సమర్థింప నెంచితిమి.

మొదట ఒక ప్రాచీనాక్షేపమును స్మరింతము. మేఘమును, వాయువును, చంద్రుని దూతలుగా కల్పించుట యుక్తిరహితమని భామహుడు కావ్యాలంకారమున దోషముగా పేర్కొనెను. ఉత్కంఠచే ఉన్మత్తునివలె పలికినచో నది చెల్లునని మినహాయింపును నిచ్చెను. కాళిదాసు కావ్యారంభముననే అట్టి సమాధానమును చెప్పియున్నాడు. పొగ, వెలుగు, నీరు, గాలి కూడిన మేఘ మెక్కడ, సమర్థులైన ప్రాణులు కొనిపోవలసిన సందేశ మెక్కడ యని తానే ప్రశ్నించి, కామార్తులకు చేతనాచేతనవివేక ముండదని తానే సమాధానపడెను. ఈ మాట దూతకల్పన కొక్కదానికే కాక, పిదప వచ్చు రూపకములకును వర్తించును. ఏలన, ఆ పిదప మాటలాడువాడు యక్షుడు. నదిని స్త్రీగా చూచుచున్న కన్నును అతనిదే.

ఆ కంటికి నదులన్నియు ఒక్కతీరున కానరావు. వేత్రవతి చంచలతరంగములతో బొమముడి గల మోమువలె నున్నది. నిర్వింధ్య పక్షుల బారును మొలనూలుగను, సుడిని నాభిగను చూపుచు తొట్రుపాటుతో నడచును. గంభీర నీలజలమను వస్త్రము తీరమను కటినుండి జాఱినది. వీనియందు సంభోగశృంగారచ్ఛాయ స్ఫుటము. సింధువు తీరు వేఱు. సన్నని జడవలె చిక్కిన ప్రవాహముతో, ఒడ్డుచెట్లనుండి రాలిన పండుటాకులచే పాలిపోయి, తన విరహావస్థచేతనే మేఘుని సౌభాగ్యమును చాటుచున్నది. ఆమె కార్శ్యము తొలగు ఉపాయము నీవే చేయవలెనని యక్షుడు మేఘునితో చెప్పును. ఇచటి సింధుశబ్దమును నిర్వింధ్యకే అన్వయించినవారును, వేఱొక నదిగా గ్రహించినవారును కలరు. అన్వయ మేదైనను మా వాదమునకు హాని లేదు. ఉత్తరమేఘమున ఏకవేణియై కృశించియున్న యక్షపత్నిని కాంచునప్పుడు, ఈ నది ఆమెకు ముందుగా వచ్చిన నీడయని సహృదయునకు తోచును.

నదిని నాయికగా వర్ణించుట కవులకు పరిపాటియే కదా, ఇంత అర్థము కల్పింపనేల యని శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. శ్లోకములను విడివిడిగా చూచినచో దీనికి సమాధానము దొరకదు. అది ఉత్తరమేఘమున కలదు. ప్రియురాలి మేనిని ప్రియంగులతలయందును, చూపును బెదరిన లేళ్లయందును, మొగమును చంద్రునియందును, కురులను నెమలిపురులయందును, భ్రూవిలాసమును నదుల చిఱుతరగలయందును వెదకుచున్నానని చెప్పి, అయ్యో, నీ సాదృశ్య మేయొక్కచోటను లేదే యని యక్షు డచట వాపోవును. పోలికలు వెదకుట ఇతని విరహవ్యాపారమని ఇతని నోటనే వింటిమి. బొమముడి వేత్రవతియందును, నాభి నిర్వింధ్యయందును, కటి గంభీరయందును, జడ సింధువునందును చెదరియుండుటకు కారణ మిదియే. ఏ నదియు పూర్ణముగా ఆమె కాలేదు. యక్షు డిది యెఱిగి పలికెనని మే మనము. ఎఱుగక పలికెననుటయందే ధ్వని కలదు.

కావ్యాంతమున యక్షుడు మేఘునకు మెఱుపుతో క్షణమైనను ఎడబాటు కలుగకుండుగాక యని దీవించును. త్రోవలో ఇన్ని నదులను కలసిన మేఘునకును సహచరి ఆ మెఱుపొక్కతెయే. తనకు లేనిదానినే యక్షు డితరునకు కోరినాడు.

ఉపమకు కాళిదాసే యను నానుడిని తరగతులలో మనము తఱచు వల్లించుచుందుము. ఇది రూపకము, ఇది ఉత్ప్రేక్ష యని పేరుపెట్టుటతో విద్యార్థి తృప్తిపడినచో ఆ నానుడికి అర్థము చిక్కదు. ఆ పోలిక ఎవరి నోట, ఏ దశయందు వెలువడినదో కూడ అడిగిననే అలంకారము రసమునకు అంగమగుట గోచరించును.