వార్డు కమిటీలో యువత: పౌరవిద్యపై ఒక విమర్శ

1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠ్యాంశంగా బోధించాలని ఆదేశించింది. డిగ్రీలో మీరు చదివే ఈ పేపరు ఆ తర్వాత వచ్చినదే. అత్తాపూర్‌లో ఉండే విద్యార్థులు మూసీ కాలుష్యానికి కారణాలు పరీక్షలో చక్కగా రాయగలరు. కానీ నది ఒడ్డున ఏం కట్టాలో నిర్ణయించేటప్పుడు వారి మాట ఎవరు అడుగుతున్నారు?

2020లో సవరించిన జీహెచ్‌ఎంసీ చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువతకు ఒక కమిటీ ఉండాలి. మంచిదే. అయితే అది వాలంటీర్ల కమిటీ. దాని పని ఎక్కువగా మొక్కలు, పారిశుద్ధ్యం. చేతికి చీపురు ఇచ్చారు గాని కూర్చోవడానికి కుర్చీ వేయలేదు. పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం కేటాయించాలని అదే సవరణ చెబుతున్నది. ఆ డబ్బు ఎక్కడ ఖర్చు కావాలో యువత ఎందుకు తేల్చకూడదు? 2014లో అమెరికాలోని బోస్టన్ నగరం 10 లక్షల డాలర్ల ఖర్చును 12 నుంచి 25 ఏళ్లవారి ఓటుకే వదిలింది. మన పౌరశాస్త్రమేమో కమిటీ నిర్వచనం దగ్గర ఆగుతుంది, వార్డు బడ్జెట్ కాగితం చదవడం నేర్పదు.