రంపంలో పెట్రోల్ నడిచే దారి

హైదరాబాద్‌లోని హిమాయత్‌నగర్ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు ముందుగా ఒరిగే చెట్లలో తురాయి ఒకటి. త్వరగా ఎదిగి వేసవి అంతా ఎర్రగా పూసే ఈ చెట్టు కలప పెళుసు, పైగా సిమెంటు పరచిన కాలిబాట కింద దాని వేళ్లు లోతుకు దిగే వీలు తక్కువ. లిబర్టీ నుంచి నారాయణగూడకు వెళ్లే రహదారి మీదనో, చిక్కడపల్లి, అశోక్‌నగర్ సందుల్లోనో అటువంటి మాను అడ్డం పడినప్పుడు బస్సులూ, అంబులెన్సులూ, పుస్తకాల సంచులతో నడిచిపోయే పోటీ పరీక్షల అభ్యర్థులూ అందరూ ఎదురుచూసేది పెట్రోల్‌తో నడిచే గొలుసు రంపం కోసమే. నగరపాలక సంస్థ 2018లో నెలకొల్పగా, 2024 జూలైలో ఏర్పడిన నగర విపత్తు స్పందన, ఆస్తుల రక్షణ సంస్థ హైడ్రా పరిధిలోకి వచ్చిన విపత్తు స్పందన దళం చేసే పనుల్లో కూలిన చెట్ల తొలగింపు ఒకటి; ప్రహరీ లోపలి కొమ్మలు కొట్టి పొట్టపోసుకునే కూలీలు దీనికి వేరు. ఎవరి చేతిలో ఉన్నా, ఆ రంపం గాలివాన రాత్రి పనికి వస్తుందా రాదా అన్నది చిటికెనవేలికన్నా సన్నని ఒక రబ్బరు పైపు మీద ఆధారపడి ఉంటుంది. గొలుసు పదునుకు దక్కే శ్రద్ధలో పదో వంతు కూడా ఆ పైపుకు దక్కకపోవడం విచారించదగిన విషయం.

ఈ పైపు చేసే పని అర్థం కావాలంటే పాత స్కూటరును గుర్తుకు తెచ్చుకోవడం మేలు. స్కూటరులో ట్యాంకు పైన, కార్బొరేటర్, అనగా పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం, కింద ఉండేవి గనుక పెట్రోల్ తన బరువుతోనే దిగేది. ఉదయం పూట బండిని ఒక పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి కిక్ కొట్టే అలవాటు ఆ అమరిక నుంచి పుట్టిందే. రంపానికి ఆ సౌకర్యం లేదు. మాను అడుగున కోసేటప్పుడు అది పక్కకు పడుకుంటుంది, పైకొమ్మ కోసేటప్పుడు ముక్కు ఆకాశం వైపు తిరుగుతుంది, ఏ భంగిమలోనైనా ఇంజిన్ ఆగకూడదు. అందుకే తొలితరం రంపాల్లో ఇంజిన్‌ను నిటారుగా ఉంచి గొలుసు తిరిగే పట్టీని మాత్రమే అటూ ఇటూ తిప్పుకోవలసి వచ్చేది. డయాఫ్రమ్ కార్బొరేటర్ వచ్చాక ఆ కట్టడి తొలగింది. డయాఫ్రమ్ అంటే పలుచని సాగే పొర. పిస్టన్ కిందికీ పైకీ ఆడుతున్నప్పుడు ఇంజిన్ గర్భంలో ఎగసిపడే ఒత్తిడి ఆ పొరను గుండెలా కొట్టుకునేలా చేయగా, ఆ కొట్టుకోవడమే ట్యాంకులోని పెట్రోల్‌ను పైపు ద్వారా పైకి లాగుతుంది. అంటే స్కూటరులో పెట్రోల్ జారుతుంది, రంపం దానిని పీలుస్తుంది.

పీల్చడం అనే ఈ ఒక్క మాటలోనే పైపు జబ్బుల మర్మమంతా ఉంది. పైపు పగిలితే పెట్రోల్ కారుతుందని, కారితే తడి కనిపిస్తుందని అనుకోవడం సహజమే కాని, కార్బొరేటర్ దగ్గర పైభాగంలో పడిన సన్నని పగులు నుంచి బయటికి చుక్కైనా రాకపోవచ్చు, దానికి బదులు లోపలికి గాలి పోతుంది. అప్పుడు రంపం స్టార్ట్ అవుతుంది, నెమ్మదిగా తిరుగుతుంది, రేస్ ఇవ్వగానే గొంతు పట్టినట్లు ఆగిపోతుంది. మెకానిక్ కార్బొరేటర్ స్క్రూలను తిప్పి తిప్పి విసిగిపోతాడు. నష్టం ఆగిపోవడంతోనే తీరదు. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో విడిగా ఆయిల్ సంపు ఉండదు. నాణ్యమైన ఆయిలైతే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల చొప్పున, అనగా 50కి 1 పాళ్లలో, ముందే కలిపి పోస్తారు. కనుక పెట్రోల్ తగ్గితే ఇంజిన్‌కు తిండితోబాటు నూనె కూడా తగ్గుతుంది, నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో పిస్టన్ పక్కలు గీరుకుపోయి చివరకు సీజ్ అవుతుంది. అతి చవకైన పైపు అతి ఖరీదైన భాగాన్ని చంపడం ఈ యంత్రంలో జరిగినంత సులువుగా మరెక్కడా జరగదేమో.

పైపు ముసలితనానికి వేడి, కాలం ఎప్పుడూ ఉన్న కారణాలే. వాటికి ఇప్పుడు ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోల్‌ను 2023 ఫిబ్రవరిలో దేశంలో విడుదల చేశారు, మొదట 2030కి అనుకున్న లక్ష్యాన్ని 2025కు ముందుకు జరిపారు. అనేక రంపాల వాడకపు పుస్తకాలు మాత్రం 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, పాతరకం రబ్బరును ఉబ్బిస్తుంది. ట్యాంకు ఎండిపోయాక ఆ రబ్బరే బిగుసుకుని చిట్లుతుంది. వేసవి గాలుల్లో నాలుగు రోజులు పని చేసిన రంపాన్ని మిగిలిన పెట్రోల్‌తోనే మూలన పడేయడం కన్నా దానికి హాని చేసే అలవాటు లేదు.

పైపు మార్చే పని పైకి చిన్నదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, ప్లగ్ టోపీ ఊడదీసి, ట్యాంకు ఖాళీ చేసి, వంచిన తీగతో లోపల పైపు కొసన ఉన్న ఫిల్టర్‌ను మూతి దగ్గరకు లాగాలి. పాత పైపును వేలికి చుట్టి వంచి చూస్తే, నిటారుగా ఉన్నప్పుడు కనపడని పగుళ్లు నోరు తెరుస్తాయి. అవి ఎక్కువగా ట్యాంకు గోడ దాటే చోట, కార్బొరేటర్ ముక్కుకు తొడిగే చోట ఉంటాయి. అనేక రంపాల్లో ట్యాంకు గోడలోని రంధ్రం పైపుకన్నా కాస్త చిన్నది, ఆ బిగువే అక్కడి సీలు. అందువల్ల కొత్త పైపు కొసను కలం పాళీలా ఏటవాలుగా కోసి, కాస్త టూ-స్ట్రోక్ ఆయిల్ రాసి, రంధ్రంలో దూర్చి, అవతలి నుంచి ప్లయర్‌తో లాగి, ఆ కొసను తర్వాత నిటారుగా కత్తిరించాలి. రంధ్రాన్ని పెద్దది చేసి పని తేలిక చేసుకున్నవాడు సీలును తన చేతులతోనే పోగొట్టుకున్నట్లు.

అసలు పనితనం దారి పట్టించడంలో ఉంది. ట్యాంకు లోపల పైపు పొట్టిదైతే రంపం వాలినప్పుడు ఫిల్టర్ పెట్రోల్‌ను అందుకోలేదు, సరిగ్గా కోత సగంలో పట్టీ మానులో ఇరుక్కుని ఉన్నప్పుడే ఇంజిన్ ఆగుతుంది. పొడుగైతే పైపు చుట్టుకుని ఒక మూల చిక్కుతుంది. ఫిల్టర్ తన బరువుతో ఏ మూలకైనా జారిపోగలిగే పొడవే సరైన పొడవు, దానిని కొలబద్దతో కాక ఖాళీ ట్యాంకును నాలుగు వైపులా వంచి, ఫిల్టర్ దొర్లే చప్పుడు విని నిర్ణయించడం మేలు. ట్యాంకు బయట పైపు సైలెన్సర్ వేడికి దూరంగా, యాక్సిలరేటర్ కడ్డీ కదలికకు అడ్డం రాకుండా, ఎక్కడా మడత పడకుండా నడవాలి. చేతులకు అదురు తగలకుండా పిడికీ ఇంజిన్‌కూ మధ్య స్ప్రింగులో రబ్బరు దిమ్మెలో ఉంటాయి గనుక, ఆ సందు దాటే గొట్టం ఏదైనా కాస్త వదులుగా ఉండాలి. తంతిలా బిగించిన గొట్టం ప్రతి అదురుకూ ఒక పీకుడు పీక్కుని త్వరలో ఊడుతుంది. కొన్ని రంపాలకు కంపెనీ పైపు వంపులతో సహా అచ్చుపోసి వస్తుంది, దాని బదులు మోటారు సైకిళ్ల కోసం మీటరు లెక్కన అమ్మే తెల్లని ప్లాస్టిక్ పైపు వేస్తే సరిగ్గా ఆ వంపుల దగ్గరే నలుగుతుంది. నొక్కి పెట్రోల్ ఎక్కించే ప్రైమర్ బల్బు ఉన్న రంపానికి పైపులు రెండు, పీల్చేది ఒకటి, ట్యాంకుకు తిరిగి పంపేది ఒకటి. ఊడదీసే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే అవి తారుమారు కావు.

అంతా బిగించాక, ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి, రంపాన్ని రెండు పక్కలకూ వాల్చి ఒక్కో పక్క కాసేపు రేస్ ఇచ్చి చూడాలి. ఇంజిన్ చల్లారాక, నిప్పుకూ ఇంటికీ ఎడంగా, ఒక పాత దినపత్రిక మీద, ట్యాంకులో పైపు దూరే రంధ్రం కిందికి వచ్చేలా రంపాన్ని రాత్రంతా ఉంచాలి. కారిన పెట్రోల్ తెల్లవారేసరికి ఆవిరైపోతుంది, కాని అందులోని ఆయిల్ పోదు. కాగితం మీద జిడ్డు మరక కనిపిస్తే పైపును మళ్లీ ఊడదీయవలసిందే.