‘బారోడ్ టైమ్’ - ఆశయు, కరుణమును

భరతుడు కరుణ విప్రలంభములకు భేదము చెప్పుచు, మొదటిది నిరపేక్షమనియు రెండవది సాపేక్షమనియు నిర్ణయించెను. పునస్సమాగమముపై ఆశ యున్నంతవరకు విప్రలంభము. అది తెగినచోట కరుణము. అమెరికా రచయిత పాల్ మోనెట్ 1988లో ప్రకటించిన స్మృతిగ్రంథము ‘బారోడ్ టైమ్’ ఈ విభాగమునకు లొంగదు. ఆయన సహచరుడు రోజర్ హార్విట్జ్ 1986 అక్టోబరులో ఎయిడ్స్ వ్యాధితో మరణించెను. ఆ మరణము పాఠకునకు ముందే తెలియును. అయినను పుటపుటకును ఆశ చిగుర్చుచునే యుండును. ఆ ఆశకు ఆలంబనము ఔషధము. అదియు ప్రభుత్వ మింకను అనుమతింపని ఔషధము.

1985 నాటికి ఎయిడ్స్ వైరస్‌ను అణచుటకు అనుమతి పొందిన ఔషధ మొక్కటియు లేదు. రోగులు సరిహద్దు దాటి మెక్సికోలోని టిహువానాకు పోయి రైబావిరిన్ కొని తెచ్చుకొనెడివారు. రోజర్‌కు లభించినది ప్రయోగదశలోని సురామిన్. ఆఫ్రికా నిద్రావ్యాధికి చిరకాలముగా వాడుచుండిన మందది. పరీక్షానాళికలో వైరస్‌ను అణచినది గాని రోగుల దేహమున విషతుల్యమైనది. నా దృష్టిలో గ్రంథమునకు ప్రాణము ఈ ఘట్టమే. ఏ మందుకై తాను తపించెనో ఆ మందే ప్రియుని కృశింపజేయుట చూచినవాని శోకమున అపరాధభావము కలిసినది. మన లాక్షణికులు కరుణమునకు చెప్పిన సంచారిభావములలో గ్లాని, విషాదము, చింత కలవు. దీనికి సరియగు పేరు నాకు దొరకలేదు.

తరువాత వచ్చినది ఏజెడ్‌టి. 282 మందిపై జరిగిన పరీక్షలో మందు లేని గుళికలు తిన్నవారిలో 19 మంది, మందు తిన్నవారిలో ఒక్కరు మరణింపగా, 1986 సెప్టెంబరులో పరీక్ష నాపిరి. అనుమతి 1987 మార్చిలో వచ్చెను. రోజర్ అనుమతికి ముందే ఆ మందు పొందెను. అనుమతికి ముందే మరణించెను.

కావున ఈ గ్రంథమును ఔషధ నియంత్రణముపై అభియోగపత్రముగా మాత్రమే చదువుట తగదు. సురామిన్ ఘట్టము నియంత్రణమునకు సమర్థనముగూడ. 2013 నాటి ‘డాలస్ బయ్యర్స్ క్లబ్’ చలనచిత్రము ఇట్టి విషయమునే వీరరసమునకు మరలించి, ఏజెడ్‌టిని ప్రతినాయక స్థానమున నిలిపినది. ఆ మందే తగ్గిన మోతాదులో తరువాతి సంయుక్త చికిత్సలలో అంగమై ప్రాణములు నిలిపెనన్న మాట చిత్రాంతమున చూపు అక్షరములకు మిగిలినది. మోనెట్‌కు అట్టి సౌలభ్యము లేదు.

ఒక కొరత చెప్పవలయును. ఆ మందులు వారికి అందుటకు పరిచయబలము తోడ్పడినది. అది లేనివారి గతి గ్రంథమున ఛాయామాత్రముగనే యున్నది. రచయితయు అదే వైరస్‌ను దేహమున మోయుచు వ్రాసెను, 1995లో మరణించెను. అట్టివానికి ఇతరుల వంక చూచు తీరిక లేకపోయెనేమో. కొరత మాత్రము కొరతయే.