లీలావతి లెక్కతో చీట్లు తీద్దాం

తరగతిలో పన్నెండు మంది పిల్లలు. క, చ, ట అని మూడు జట్లు, జట్టుకు నలుగురు. పన్నెండు చీట్లు రాసి డబ్బాలో వేసి కుదిపారు. లత, రజియా ఒకే జట్టులో పడే అవకాశం ఎంత? మూడు జట్లే కదా, మూడింట ఒక వంతు అనేస్తారు చాలామంది. అంత ఉండదు.

ఈ లెక్క తేల్చే సూత్రం భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఉంది. అక్కడ జట్ల ఊసే లేదు. అంకపాశం అనే భాగంలో ఆయన అడిగింది వేరు: 4, 8, 5, 5, 5 అంకెలతో ఎన్ని సంఖ్యలు రాయవచ్చు? ఐదు అంకెలూ వేర్వేరైతే 120. కానీ మూడు ఐదులు తమలో తాము చోట్లు మార్చుకున్నా సంఖ్య మారదు. ఆ మార్పులు ఆరు. 120ని 6తో భాగిస్తే 20.

ఇప్పుడు పిల్లల్ని హాజరు పట్టీ వరుసలో నిలబెట్టి, చేతిలో చీట్లు చదవండి. నాలుగు క, నాలుగు చ, నాలుగు ట ఏదో ఒక వరుసలో వస్తాయి. జట్లుగా విడదీయడమంటే ఇదే, భాస్కరుడి ఐదుల లెక్కే! ఒకే అక్షరమున్న నాలుగు చీట్లు తమలో తాము మారే మార్పులు 24. అందుకే 1 నుంచి 12 దాకా గుణించి, వచ్చినదాన్ని 24తో మూడుసార్లు భాగిస్తే 34,650.

లతకూ రజియాకూ ‘క’ వచ్చిందనుకుందాం. మిగతా పది మందికి రెండు క, నాలుగు చ, నాలుగు ట. 1 నుంచి 10 దాకా గుణిస్తే 36,28,800. (పది చేతుల శివుడు పది ఆయుధాలను ఎన్ని రకాలుగా పట్టుకోగలడన్న లీలావతి ప్రశ్నకూ జవాబు ఇదే.) దాన్ని 2, 24, 24లతో భాగిస్తే 3,150, మూడు జట్లకూ కలిపి 9,450. మొత్తం 34,650లో అది 3/11, అంటే నూటికి 27.

అడ్డదారీ ఉంది. లత ఒక చీటీ తీశాక మిగిలినవి పదకొండు, వాటిలో ఆమె జట్టువి మూడే. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేస్తేనే మూడింట ఒక వంతు నిజమవుతుంది. అప్పుడు జట్టుకు నలుగురే అన్న హామీ ఉండదు.

భాస్కరుడికి ముందే ఈ లెక్కింపు పాతబడింది. ఆరు రుచుల్ని 63 రకాలుగా కలపవచ్చని సుశ్రుత సంహిత చెప్పింది. పదహారు ద్రవ్యాల్లో నాలుగేసి ఎంచితే 1,820 సుగంధాలని వరాహమిహిరుడు లెక్కగట్టాడు. సంయోగాలకు సాధారణ సూత్రం 9వ శతాబ్దపు మహావీరాచార్యుడిది. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన గణిత గ్రంథం ఆయనదే. అయితే వీళ్లు ఎన్ని రకాలో లెక్కించారే తప్ప, అవకాశం ఎంతని అడగలేదు. ఆ ప్రశ్న 1654లో పాస్కల్, ఫెర్మాల ఉత్తరాల్లో గట్టిగా నిలబడింది. అలాగని మనవాళ్ల పని చిన్నదేమీ కాదు: భిన్నంలో పైనా కిందా ఉండే రెండు సంఖ్యలూ ఈ లెక్కింపు నుంచే రావాలి.

ఇంటర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత చెప్పే మాస్టార్లకు ఒక మనవి. సూత్రం బోర్డు మీద రాసేముందు ఆరుగురిని పిలిచి, రెండు జట్లకు మూడేసి చీట్లు పంచే వరుసలన్నీ పిల్లల చేతే రాయించండి. వచ్చేవి ఇరవై. ఏ ఇద్దరు స్నేహితుల్ని తీసుకున్నా, వాళ్లు కలిసి ఉండేవి అందులో ఎనిమిదే.