గీత యెవరి చేతిది?
వలసలను, సరిహద్దులను చిత్రించిన కొన్ని ఆధునిక కృతుల పరిశీలనము

విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము చిత్రములను మెచ్చువారిని తరగతులుగా విభజించి, ఆచార్యులైనవారు రేఖనే ప్రశంసింతురని చెప్పినది. మన కళావిమర్శకులు ఈ మాటను అజంతా చిత్రముల రేఖాసౌకుమార్యమును నిరూపించుటకు తఱచుగా వినియోగింతురు. కాని రేఖ చిత్రకారుని సొత్తు మాత్రమే కాదు. భూమిని కొలుచువాడును, న్యాయాధిపతియు, సేనాపతియు గూడ గీతలు గీతురు. వారు గీచిన గీత కాగితముతో ఆగక పొలముల మీదుగా, ఇండ్ల నడుమగా సాగిపోవును. తెలుగున 'గీత' యను మాట కాగితము మీది రేఖకును, 'నుదుటి గీత' యనునపుడు విధివ్రాతకును చెల్లుచున్నది. ఒకరు గీచిన గీత మఱొకరి నుదుటి గీత యగుట సరిహద్దుల చరిత్రలో పలుమారులు జరిగిన విషయమే.

వలసపోవువారిని, సరిహద్దులను విషయముగా గ్రహించిన చిత్రములను పరిశీలించునపుడు ఈ రెండు గీతలకు గల సంబంధమే ముఖ్యమని మాకు తోచినది. అట్టి కృతి హృదయమును కరగించినదా, లేదా యని సాధారణముగా అడుగుదురు. ఆ ప్రశ్న చాలదు. చిత్రములో గీత యెవరి చేతిలో నున్నదని అంతకు ముందే అడుగవలెను. ఈ వ్యాసమున నలుగురు చిత్రకారుల కృతులను, వానికి ప్రతిగా ఒక ఛాయాచిత్రమును తీసికొని ఈ ప్రశ్నను పరీక్షింతుము.

ముందుగా ఛాయాచిత్రమును చూతము. 2015 సెప్టెంబరు 2వ తేదీన టర్కీ దేశమందలి బోడ్రుమ్ సమీపమున, సముద్రమును దాటబోయి మునిగిపోయిన ఒక సిరియా శిశువు దేహము ఒడ్డునకు చేరెను. ఆ దృశ్యపు ఛాయాచిత్రము ప్రపంచ పత్రికలన్నింట వెలువడినది. మఱుసటి సంవత్సరము చీనా చిత్రకారుడు ఐ వేవే లెస్బోస్ ద్వీపపు తీరమున తానే ఆ శిశువు వలె బోరగిల పరుండి ఛాయాచిత్రము తీయించుకొనెను. ఒక భారతీయ పత్రిక నిమిత్తము తీసిన చిత్రమది. కాందిశీకుల విషయమున ఆయనకు గల శ్రద్ధను మేము శంకింపము. 2017లో అనేక దేశముల శిబిరములు తిరిగి ఆయన నిర్మించిన 'హ్యూమన్ ఫ్లో' అను చలనచిత్రమే అందులకు సాక్ష్యము. అయినను ఈ ఛాయాచిత్రము విఫలమైనదని చెప్పక తప్పదు.

దీనికి కారణమును మన అలంకారశాస్త్ర పరిభాషలోనే చెప్పవచ్చును. కరుణరసమునకు శోకము స్థాయి. ఆ శోకమునకు ఆలంబనమైన వ్యక్తియు, దానిని పెంచు ఉద్దీపనములును విభావములు. వలసలను గుఱించిన పత్రికాచిత్రములలో వలసపోవువాడు ఆలంబనమగును. ముండ్లతీగయు, సముద్రమును, మూసిన ద్వారమును ఉద్దీపనములగును. అనగా సరిహద్దు, శృంగారమున వెన్నెల వలె, పరిసరముగా మాఱిపోవును. వెన్నెలను ఎవరు కాయించిరని ఎవరును అడుగరు. ఆ విధముగానే సరిహద్దును ఎవరు గీచిరని అడుగుటయు మఱతుము. ఐ వేవే చిత్రమున ఈ లోపము ఇంకను పెరిగినది. అందు ఆలంబనముగా నుండిన శిశువు సైతము తొలగి, అతని స్థానమున ప్రసిద్ధుడైన చిత్రకారుడు వచ్చినాడు. మన చూపు చిత్రకారునియొద్దనే ఆగును. గీత మాత్రము ఉన్నచోటనే యున్నది.

ఇందులకు భిన్నమైన మార్గము ఇప్పటిది కాదు. అమెరికాలో జేకబ్ లారెన్స్ 1940-41 సంవత్సరములలో, తన యిరువది మూడవయేట, అఱువది చిన్న పలకల మీద ఒక వలసగాథను చిత్రించెను. మొదటి ప్రపంచ యుద్ధ కాలమునుండి దక్షిణ రాష్ట్రముల నల్లజాతివారు ఉత్తర నగరములకు తరలిపోయిన కథ యది. ఆయన తల్లిదండ్రులును ఆ విధముగ వచ్చినవారే. ఒక్కొక్క పలక 12 అంగుళముల ఎత్తును, 18 అంగుళముల వెడల్పును గలది. లేదా అడ్డము నిలువగును. పలకలన్నిటిని ఒక్కసారి పఱచి, ఒక్కొక్క రంగును ముదురునుండి లేతకు అన్నిటిమీదను వరుసగా పూయుచు పోయెను. అందుచే అఱువది పలకలును ఒకే వస్త్రమున నేసిన పడుగు పేకల వలె కలిసియుండును. 1942లో ఈ పలకలను రెండు సంస్థలు పంచుకొనినవి. సరిసంఖ్యలవి న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాలకును, బేసిసంఖ్యలవి వాషింగ్టను నగరమందలి ఫిలిప్స్ సంగ్రహమునకును చేరినవి. ప్రయాణమును చిత్రించిన కృతియే ఇట్లు రెండు ఊళ్ల నడుమ విభక్తమైనది.

లారెన్స్ చిత్రించిన దేశమున ఆ వలసకు అంతర్జాతీయ సరిహద్దు లేదు. ఉత్తర దక్షిణముల నడుమ పటములో చూపదగిన అడ్డుగోడయు లేదు. అయినను ఇరువది రెండవ పలకలో ముగ్గురు మనుష్యులు సంకెళ్లతో, కటకటాల యెదుట, మనకు వీపులు త్రిప్పి నిలిచియుందురు. స్వల్ప కారణమునకే జనులను నిర్బంధించిరని దాని క్రింది వాక్యము తెలుపును. ఇట సరిహద్దు పరిసరము కాలేదు. అది కటకటాల నిలువు గీతలుగా మనుష్యుల యెదుట నిలిచి, ఒక అధికారము చేసిన పనిగా కనబడుచున్నది. ఆ ముగ్గురి ముఖములను చూపి మనచే కన్నీరు పెట్టించుటకు లారెన్స్ యత్నింపలేదు. వారిని ఎవరు బంధించిరను ప్రశ్న చూపరిలో ముందుగా పుట్టును. జాలి ఆ వెనుక వచ్చును. ఈ క్రమమే ఈ కృతికి గల బలమని మా అభిప్రాయము.

గీతనే ఆలంబనముగా గ్రహించిన కృతికి ఉత్తమోదాహరణము మన దేశపు విభజననుండి పుట్టినది. జరీనా 1937లో అలీగఢ్‌లో జన్మించెను. తండ్రి అచ్చటి విశ్వవిద్యాలయమున చరిత్రాచార్యులు. ఆమె అభ్యసించినది గణితము. విభజన జరిగిన కొన్ని సంవత్సరములకు ఆమె తల్లిదండ్రులు పాకిస్తానమునకు తరలిరి. ఆమె అనేక నగరములలో నివసించి న్యూయార్కులో స్థిరపడి, 2020లో లండనులో మరణించెను. 2001లో ఆమె ముద్రించిన 'డివైడింగ్ లైన్' అను చెక్క అచ్చు చిత్రమున, చేతితో చేసిన కాగితముపై, భారత పాకిస్తానముల నడిమి సరిహద్దు నల్లని వంకరగీతగా కనబడును. మనుష్యుడు లేడు, ఊరు లేదు, పేరు లేదు.

ఈ చిత్రమును గ్రహించుటకు అచ్చు చెక్కు విధానమును స్మరింపవలెను. మచిలీపట్టణపు కలంకారీ అచ్చులను చూచినవారికి ఇది పరిచితమే. అచ్చులో గీత నిలువవలెనన్నచో దాని చుట్టునున్న చెక్కనంతను తొలచివేయవలెను. సర్ సిరిల్ రాడ్‌క్లిఫ్ 1947 జూలై 8వ తేదీన భారతదేశమునకు మొదటిసారిగా వచ్చి, సుమారు ఐదు వారములలో తన నిర్ణయమును ముగించెను. ఆ గీత స్వాతంత్ర్యము వచ్చిన రెండు దినముల తరువాత, ఆగస్టు 17వ తేదీన ప్రకటితమైనది. కలముతో గీచువానికి గీత ఒక్క చేతి కదలిక మాత్రమే. అదే గీతను ఉలితో నిలుపబూనిన జరీనా దానికి ఇరుప్రక్కల నున్న దానినెల్ల కొంచెము కొంచెముగా తొలగింపవలసి వచ్చినది. తెల్లగా మిగిలిన ఆ స్థలమున ఉలి గాట్లు అచ్చటచ్చట నల్లని మచ్చలై మిగిలియున్నవి. ఒక సరిహద్దు నిలుచుటకు ఎంత తొలగిపోవలెనో ఆ పనియే చెప్పుచున్నది. శోకమును వాచ్యము చేయకుండ విధానముచేతనే ధ్వనింపజేసిన కృతి యిది.

జరీనా గీతను తన చేతిలోనికి తీసికొనినది. మొరాకో దేశమున 1975లో జన్మించిన బుష్రా ఖలీలీ ఆ గీతను వలసపోవువారి చేతికే ఇచ్చినది. 2008 నుండి 2011 వరకు ఆమె నిర్మించిన 'ది మ్యాపింగ్ జర్నీ ప్రాజెక్ట్' ఎనిమిది దృశ్యచిత్రముల సమాహారము. ప్రతిదానిలోను కదలని కెమెరా యెదుట ఒక దేశపటము, దానిపై ఒక చేయి, చేతిలో చెరగని సిరా కలము మాత్రమే కనబడును. పలుకువారి ముఖము కనబడదు. తాము ఎచ్చట బయలుదేఱి, ఎచ్చట పట్టుబడి, ఎచ్చటికి తిరిగి పంపబడి, మరల ఎటు పోయిరో చెప్పుచు వారే పటముపై గీతురు. అచ్చువేసిన సరిహద్దులపై ఆ సిరాగీత సాగిపోవును. ఒక చిత్రమున రామల్లాలోని యువకుడు తూర్పు యెరూషలేములోని తన ప్రియురాలిని చూడబోవు త్రోవను గీచును. చేరువనేయున్న ఆ చోటికి అతడు చుట్టు తిరిగి పోవలసిన వైనము ఆ గీతయందే తెలియును.

ముఖమును చూపకపోవుట మనుష్యుని చిన్నబుచ్చుట కాదా యని కొందఱనవచ్చును. మాకు అట్లు తోచలేదు. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్నచో, పత్రికాచిత్రములలో వలసవాడు కర్మ; ఇతరులు అతనిని ఆపుదురు, రక్షింతురు, లెక్కింతురు. ఖలీలీ కృతిలో అతడు కర్త. మాట అతనిది, గీత అతనిది, త్రోవను ఎన్నుకొనిన బుద్ధియు అతనిదే. అనంతరము 2011లో ఖలీలీ ఈ యెనిమిది మార్గములను నీలిభూమికపై నక్షత్రమండలములవలె ముద్రించినది. అందు దేశముల యెల్లలు పూర్తిగా లోపించి, ఊళ్ల పేర్లు చుక్కల ప్రక్కన మిగిలినవి. ఆ ముద్రణములు సుందరములే. కాని గీచు చేతి తడబాటు, కంఠస్వరము వానిలో లేవు. అందుచే మేము మొదటి దృశ్యచిత్రములకే పెద్దపీట వేయుదుము.

శిల్పా గుప్తా 2011-12లో రచించిన '1:14.9' అను కృతిని గూడ ఇట చెప్పదగును. గాజుపెట్టెలో చేతితో చుట్టిన గ్రుడ్డు ఆకారపు దారపుండ యొకటి యుండును. 2007 చివరి లెక్క ననుసరించి దేశపు పశ్చిమ, వాయవ్య సరిహద్దులలో కంచె వేసిన భాగము 1188.5 మైళ్లు. దారపు పొడవు అందులో 14.9వ వంతు, అనగా సుమారు 80 మైళ్లు. పొడవుగా సాగి విభజించు గీత, ఉండగా చుట్టినపుడు, లోపలి ప్రక్కయు వెలుపలి ప్రక్కయు లేనిదగుచున్నది. ఈ ఊహ చతురమైనది. కాని కృతి తన అర్థమునకై ఇత్తడి ఫలకము మీది అంకెలపై మిక్కిలిగా ఆధారపడినది. అంకెను చదివి ఆశ్చర్యపడుదుము. ఉలిగాట్ల యెదుట నిలిచినట్లు నిలువము.

ఇక పూర్వపక్షము. రేఖ యెల్లపుడును అన్యాయమేనా? రక్షించు రేఖ లేదా? వాల్మీకమున లేని లక్ష్మణుని రేఖలు మన రంగనాథ రామాయణమున కలవు. అవి సీతను రక్షించుటకు గీచినవే, వాకిట నిలిచిన భిక్షువు నిజముగా భిక్షువు కాడు. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. నేటి రాజ్యములును తమ కంచెలకు ఈ న్యాయమునే చెప్పును. మా సమాధానమిది. పై కృతులు రేఖలన్నిటిని చెరపివేయుమనలేదు. గీచినవాడెవడు, ఏ ప్రయోజనమునకు, ఎవరి నడిగి గీచెనని విచారింపుమన్నవి. రామాయణమున గీచినవాని పేరును, కారణమును కథలోనే యున్నవి. పటములోని గీతకు ఆ రెండును లేకపోవుటయే దాని బలము. చిత్రకారుడు ఆ రెంటిని మరల దానికి చేర్చుచున్నాడు.

ఈ విచారము తెలుగు సాహిత్య విద్యార్థులకు ఏల యని అడుగువారుందురు. మన భాషలో 'వలస' యను మాట రెండు ప్రక్కల నిలిచియున్నది. పరదేశమును ఆక్రమించి యేలుటను వలసపాలన మందుము. పొట్టకూటికై పరదేశమునకు పోవువానిని వలసకూలి యందుము. గీత గీచినవానికిని, దానిని దాటువానికిని మనకు ఒక్కటే మాట. ఈ భేదమును భాష తానై చూపదు, రచయిత చూపవలెను. 2020 మార్చి 25వ తేదీన దేశమెల్ల స్తంభించినపుడు నగరములనుండి ఊళ్లకు నడచిన కూలీల చిత్రములు పత్రికలనిండ వెలువడినవి. నెత్తిని మూటలతో, వెనుకనుండి చూపిన మనుష్యులవి. ఆ దినములలో తెలుగున అనేక కవితలు పుట్టినవి. మేము చదివినవానిలో పలువురు పగిలిన పాదములను వర్ణించిరి. రాష్ట్రమునకు రాష్ట్రమునకు నడుమ అప్పటికప్పుడు లేచిన అడ్డుకొయ్యను వర్ణించినవారు కొందఱే. నడచినవాని నోట త్రోవ చెప్పించినవారు ఇంకను తక్కువ. వానిని కరుణరసకవితలని మేమును తరగతిలో మెచ్చితిమి. జరీనా అచ్చును, ఖలీలీ పటములను పరిశీలించిన తరువాత ఆ మెప్పును సవరించుకొనవలసియున్నదని ఒప్పుకొనుచున్నాము.

పాలమూరు కూలీల వలసలనుండి గల్ఫు దేశముల ప్రయాణముల వఱకు మన జనుల నడకలు ఇంకను కథలుగా, కవితలుగా వచ్చుచున్నవి. వానిని పరిశోధించువారు కన్నీటి కొలతతో పాటు మఱొక కొలతను గూడ చేపట్టవలెనని మా మనవి. పోయినవాడు ఆ రచనలో తన త్రోవను తానే గీచుచున్నాడా, లేక అతని మూటను చూచి మనము గీచుచున్నామా? ఈ ప్రశ్నకు గ్రంథములలోనే గాక, ఊళ్లలో పోయి తిరిగి వచ్చినవారిని అడిగి వారి మాటలలోనే సమాధానము సేకరించినచో, ఆ పని మన శాఖకు తగినదగును.